ఏడేళ్ళ పాత బోర్డ్, కొత్త ప్రాసెసర్: రైజెన్ 1600 తీసి 5700ఎక్స్ పెట్టిన ఒక కేసు

ప్రాసెసర్ మార్చడమంటే పాతది తీసి కొత్తది పెట్టడమే కదా అనుకుని మొదలుపెట్టి, మధ్యలో స్క్రీన్ నల్లగా అయిపోయాక నా దగ్గరకి తెచ్చే సిస్టమ్స్ ఈమధ్య బాగా ఎక్కువయ్యాయి, అందుకే ఈ కేసు మొదట్నుంచి చివరిదాకా రాస్తున్నా. సాకెట్ లో చిప్ మార్చడానికి నాకు పట్టింది పది నిమిషాలే. దానికి ముందు రెండు రోజులు పని ఉంది, అంతా అయిపోయిందనుకున్నాక మళ్ళీ ఒకసారి వెళ్ళాల్సి వచ్చింది, ఆ రెండోసారి వెళ్ళింది మాత్రం నా పొరపాటు వల్లే.

సిస్టమ్ ఒక లెక్కల మాస్టారిది. ఇంట్లోనే పాఠాలు రికార్డ్ చేసి, ఎడిట్ చేసి పిల్లలకి పంపిస్తారు. 2018లో అసెంబుల్ చేయించుకున్నది, రైజెన్ 5 1600 ప్రాసెసర్, బి350 చిప్‌సెట్ ఉన్న ఏఎం4 బోర్డ్ (ఏఎం4 అంటే ఏఎండీ రైజెన్ చిప్ కూర్చునే సాకెట్ రకం), 8 జీబీ స్టిక్కులు రెండు కలిపి 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, సాటా ఎస్ఎస్‌డీ, డిస్‌ప్లే కోసం ఒక జీటీ 1030 కార్డ్. ఆయన చెప్పిన కంప్లయింట్స్ రెండు. ఒకటి, అరగంట పాఠం ఎక్స్‌పోర్ట్ పెడితే ముప్పావుగంట పైనే పడుతోంది, ఆ టైమ్ లో ఇంకే పనీ చేసుకోనివ్వట్లేదు. రెండోది, విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, 11 వేసుకుందామని చెక్ చేస్తే ప్రాసెసర్ సపోర్టెడ్ కాదని చూపిస్తోంది. "బాబూ, మొత్తం కొత్త సిస్టమే కొనెయ్యమంటున్నారు అందరూ, అవసరమంటావా?" అని అడిగారు. చూడకుండా చెప్పలేనండి మాస్టారూ, ఒక రోజు నాకివ్వండి అన్నా.

ముందు చేసింది దులపడం. ఇది చెప్తే చాలామందికి చిన్నపనిలా అనిపిస్తుంది కానీ ప్రాసెసర్ అప్‌గ్రేడ్ అని ఎవరొచ్చినా నేను మొదట చేసేది ఇదే, ఎందుకంటే దుమ్ముతో మూసుకుపోయిన కూలర్ కింద ఉన్న ప్రాసెసర్ అసలు స్పీడ్ ఎంతో ఎవరికీ తెలీదు. ఎక్స్‌పోర్ట్ పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, స్పీడ్ చూపించే ప్రోగ్రామ్) ఓపెన్ చేసి చూస్తే టెంపరేచర్ 95 దగ్గర అతుక్కుని ఉంది, 1600 కి అదే గరిష్ఠం, అక్కడికి చేరగానే అది తనంతట తనే క్లాక్ (నడిచే స్పీడ్) తగ్గించుకుంటుంది. కూలర్ ఊడదీసి రెక్కలు శుభ్రం చేసి, ఎండిపోయి పెచ్చులు కట్టిన పాత పేస్ట్ ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తో తుడిచి కొత్త పేస్ట్ వేశా. లోడ్ లో 74కి దిగింది. అరగంట పాఠం ఎక్స్‌పోర్ట్ 47 నిమిషాల నుంచి 39కి వచ్చింది. ఏమీ కొనకుండానే ఎనిమిది నిమిషాలు.

కూలర్ ఊడదీయడం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఏఎం4 సాకెట్ లో పిన్నులు సాకెట్ కి కాదు ప్రాసెసర్ కే ఉంటాయి, మొత్తం 1331, పైగా ప్రాసెసర్ ని పైనుంచి నొక్కి పట్టుకునే ఇనుప ఫ్రేమ్ ఏమీ ఉండదు, పక్కన చిన్న లివర్ ఒక్కటే. పేస్ట్ ఎండి గట్టిపడితే కూలర్ ని పైకి లాగగానే లివర్ లాక్ లో ఉన్నా సరే ప్రాసెసర్ కూలర్ కి అంటుకుని ఊడి వచ్చేస్తుంది, వచ్చేటప్పుడు ఏ మూలో వంకరగా వస్తే పిన్నులు వంగిపోతాయి. ఇంకో సిస్టమ్ అలా అయిపోయాకే నా దగ్గరకొచ్చింది, మెకానికల్ పెన్సిల్ లో లెడ్ తీసేసి ఆ గొట్టంతో ఒక్కో పిన్ను నిలబెట్టడానికి గంటన్నర కూర్చున్నా, అదృష్టం బాగుండి ఏదీ విరగలేదు. అందుకని కూలర్ తీసే ముందు పదిహేను నిమిషాలు ఏదైనా లోడ్ నడిపి పేస్ట్ ని వేడెక్కించి, ఆపేసి, కరెంట్ వైర్ పీకి, స్క్రూలు తీశాక కూలర్ ని పైకి లాగకుండా ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పుతా. మెత్తబడ్డ పేస్ట్ వదిలేస్తుంది. దీనికి ఓపిక ఒక్కటే కావాలి.

సరే, దులిపాక కూడా 39 నిమిషాలంటే ఎక్కువే. ఇప్పుడు నిజంగా అడ్డుపడేది ప్రాసెసరేనా అని చూడాలి. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ లో చూస్తే ప్రాసెసర్ 100 శాతం, ర్యామ్ 11 జీబీ దగ్గర ఉంది, ఎస్ఎస్‌డీ దాదాపు ఖాళీగా కూర్చుని ఉంది. గ్రాఫిక్స్ కార్డ్ కి ఈ పనిలో పాత్రే లేదు, ఎందుకంటే జీటీ 1030లో వీడియో ఎన్‌కోడ్ చేసే ఎన్వెంక్ భాగం ఉండదు, ఎన్‌కోడింగ్ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఎన్వెంక్ ఉన్న కార్డ్ వేస్తే ప్రాసెసర్ ముట్టుకోకుండానే ఎక్స్‌పోర్ట్ బాగా తగ్గిపోతుంది, ఆ సంగతి మాస్టారికి చెప్పా కూడా. కానీ కార్డ్ మార్చినా విండోస్ 11 సమస్య అలాగే ఉంటుంది, మైక్రోసాఫ్ట్ లిస్ట్ లో రైజెన్ మొదటి తరం లేదు, 2000 సిరీస్ నుంచే మొదలవుతుంది. రెండు కంప్లయింట్స్ నీ ఒకేసారి తీర్చేది ప్రాసెసర్ మార్చడం ఒక్కటే. ఒకవేళ జీటీ 1030 బదులు కాస్త మంచి కార్డ్ ఉండి, విండోస్ గొడవ లేకుండా ఉంటే నేను ప్రాసెసర్ మార్చమని చెప్పేవాణ్ణి కాదు.

ఏ ప్రాసెసర్ అన్నది తర్వాతి ప్రశ్న. ఏఎం4 గొప్పతనం ఇక్కడే. 2017లో మొదటి రైజెన్ కూర్చున్న సాకెట్ లోనే 2020 నవంబర్ లో మొదలైన జెన్ 3 తరం (రైజెన్ 5000 సిరీస్) ప్రాసెసర్లు కూడా కూర్చుంటాయి. మొదట్లో బి350 లాంటి 300 సిరీస్ బోర్డ్స్ కి జెన్ 3 సపోర్ట్ లేదు, 2022లో ఏఎండీ ఒప్పుకుని దారి తెరిచింది, బోర్డ్ కంపెనీలు కొత్త బయోస్ లు (ఆన్ చెయ్యగానే బోర్డ్ ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఇచ్చాయి. మాస్టారి అబ్బాయి ఎక్కడో చదివి 5800ఎక్స్‌3డీ వేయించమన్నాడు. అది చాలా మంచి ప్రాసెసర్, 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉంటుంది, కానీ ఆ క్యాష్ వల్ల లాభం గేమ్స్ కి, వీడియో ఎన్‌కోడింగ్ కి దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు, పైగా అది 105 వాట్ల చిప్, ఫుల్ లోడ్ లో సాకెట్ నుంచి 142 వాట్ల దాకా లాగగలదు. మాస్టారి బోర్డ్ చవక రకం, ప్రాసెసర్ కి కరెంట్ ఇచ్చే వీఆర్‌ఎమ్ లో ఫేజులు (కరెంట్ భారాన్ని పంచుకునే వరసలు) నాలుగే, వాటి మాస్‌ఫెట్ల (కరెంట్ ని స్విచ్ చేసే చిన్న చిప్పుల) మీద వేడి లాగడానికి కనీసం ఒక అల్యూమినియం ముక్క కూడా లేదు. అలాంటి బోర్డ్ మీద అంత భారం పెట్టడం నాకిష్టం లేదు. 5600జీ గురించి కూడా అడిగారు, అందులో గ్రాఫిక్స్ ఉంటుంది కానీ ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, కోర్లు ఆరే. చివరికి 5700ఎక్స్ దగ్గర ఆగాం. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3, బూస్ట్ 4.6 గిగాహెర్ట్జ్, టీడీపీ (కంపెనీ చెప్పే పవర్ రేటింగ్) 65 వాట్లు, సాకెట్ పవర్ లిమిట్ 76 వాట్లు. పాత 1600 కూడా 65 వాట్లదే, అంటే బోర్డ్ మీద కొత్త భారమేం పడదు. బోర్డ్ కంపెనీ ఇచ్చే సీపీయూ సపోర్ట్ లిస్ట్ లో సరిగ్గా ఇదే మోడల్, సరిగ్గా మాస్టారి బోర్డ్ రివిజన్ కి ఉందో లేదో చూసి, ఏ బయోస్ వర్షన్ నుంచి అన్నది కాగితం మీద రాసుకున్నాకే కొనమని చెప్పా.

బోర్డ్ లో ఉన్న బయోస్ 2018 నాటిది. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. కొత్త ప్రాసెసర్ వచ్చేసింది కదా అని ఆత్రంగా పాతది తీసి కొత్తది పెడితే పాత బయోస్ కి ఆ చిప్ ఎవరో తెలీదు, ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు, అప్పుడు చిప్ పాడైందనుకుని వెనక్కి పంపేసేవాళ్ళని కూడా చూశా. బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ తోనే చెయ్యాలి. అదీ ఒకే దూకు కాదు, ఈ బోర్డ్ కి ముందు మధ్యలో ఒక వర్షన్ వేసి, ఆ తర్వాతే చివరిది వెయ్యాలని కంపెనీ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. పెన్‌డ్రైవ్ ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, సిస్టమ్ ని యూపీఎస్ కి తగిలించి, రెండు దఫాలుగా ఫ్లాష్ చేశా, అంటే కొత్త బయోస్ ని బోర్డ్ లోని చిప్ లోకి రాశా. ఫ్లాష్ మధ్యలో కరెంట్ పోతే బోర్డే పోవచ్చు కాబట్టి యూపీఎస్ లేకుండా నేను ఎప్పుడూ చెయ్యను. ఇంకో సంగతి, ఆ బోర్డ్స్ లో చాలావాటికి బయోస్ చిప్ 16 ఎంబీయే, కొత్త ప్రాసెసర్లకి చోటు చాలక కొన్ని కంపెనీలు బ్రిస్టల్ రిడ్జ్ (రైజెన్ కి ముందు తరం) లాంటి పాత ప్రాసెసర్ల సపోర్ట్ తీసేశాయి. అందుకని ఫ్లాష్ చేసే ముందే ఇప్పుడు బోర్డ్ లో ఉన్న ప్రాసెసర్ కొత్త బయోస్ లో కూడా ఉంటుందా అని చూసుకోవాలి. 1600 ఉంది, ఇబ్బంది లేదు.

అయితే బయోస్ ముట్టుకోవడానికి కూడా ముందు చేసిన పని ఒకటుంది, ఈ కేసు మొత్తంలో నేను అన్నిటికంటే ముఖ్యమని చెప్పేది అదే. మాస్టారి డిస్క్ కి బిట్‌లాకర్ (డిస్క్ లో ఉన్నదానికంతా తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్ లో ఉంది. పరీక్ష పేపర్లు ఉంటాయని ఎప్పుడో ఎవరితోనో పెట్టించుకున్నారు, పెట్టించుకున్న సంగతే ఆయనకి గుర్తులేదు, ఆన్ చేసినట్టే తెలీదు కాబట్టి రికవరీ కీ ఎక్కడుందో అసలే తెలీదు. బిట్‌లాకర్ తాళం ఎఫ్‌టీపీఎం లో (ప్రాసెసర్ లోపలే ఉండే భద్రతా భాగం) ఉంటుంది, ఎఫ్‌టీపీఎం ప్రాసెసర్ తో ముడిపడి ఉంటుంది, ప్రాసెసర్ మారితే ఆ తాళం పోయినట్టే. అప్పుడు విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది లేకపోతే ఏడేళ్ళ పాఠాలూ డిస్క్ లోనే ఉండి కూడా చేతికి అందవు, ఎంత పెద్ద టెక్నీషియన్ అయినా ఏమీ చెయ్యలేడు. ముందు కీ ని పెన్‌డ్రైవ్ లో సేవ్ చేసి, ప్రింట్ కూడా తీయించి మాస్టారి చేతికిచ్చి బీరువాలో పెట్టించా. పాఠాల ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్ కి కాపీ చేసి, కాపీ అయిన వాటిల్లో నాలుగైదు ఓపెన్ చేసి చూశా. ఆ తర్వాత బిట్‌లాకర్ ని సస్పెండ్ చేశా, మామూలుగా సస్పెండ్ చేస్తే ఒక రీస్టార్ట్ తర్వాత దానంతట అదే మళ్ళీ ఆన్ అయిపోతుంది, మనకి రీస్టార్ట్ లు చాలా ఉన్నాయి కాబట్టి కమాండ్ లో రీబూట్ కౌంట్ సున్నా అని ఇచ్చా, అలా ఇస్తే మనం ఆన్ చేసేదాకా సస్పెండ్ లోనే ఉంటుంది.

ఇక చిప్ మార్చడం. పాత కూలర్ స్క్రూలు నేరుగా బోర్డ్ వెనక ఉన్న బ్యాక్‌ప్లేట్ లోకి దిగే రకం, అంటే నాలుగూ విప్పగానే బ్యాక్‌ప్లేట్ ని పట్టుకునేది ఏమీ ఉండదు, అది వెనక్కి జారిపోతుంది. ఒక చేత్తో వెనక నుంచి పట్టుకుని విప్పాలి. ఇలాంటి కూలర్ వేసేటప్పుడు బోర్డ్ తో వచ్చే నల్లటి ప్లాస్టిక్ బ్రాకెట్లు తీసేస్తారు, అసెంబుల్ చేసినవాళ్ళు ఎక్కడో పారేసి ఉంటారు, మాస్టారి దగ్గర లేవు. 5700ఎక్స్ బాక్స్ లో కూలర్ రాదు కాబట్టి కొత్తది ఎలాగూ కొనాలి, క్లిప్ తో ఆ బ్రాకెట్లకి తగిలించే రకం కొంటే ఇక్కడ తగలదు, అది ముందే చూసుకుని సొంత మౌంటింగ్ సామాను తో వచ్చే టవర్ కూలర్ తెప్పించా. లివర్ ఎత్తి, పాత చిప్ తీసి, కొత్త చిప్ మూల మీద ఉన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీదున్న త్రికోణానికి కలిపి పెడితే దాని బరువుకి అదే దిగిపోయింది. వేలితో నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. లివర్ దించి, పేస్ట్ వేసి, కూలర్ స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా బిగించా.

ఆన్ చెయ్యగానే కాసేపు నల్ల స్క్రీన్, రెండుసార్లు దానంతట అదే ఆగి మళ్ళీ స్టార్ట్ అయింది. కొత్త ప్రాసెసర్ ర్యామ్ తో సర్దుకునే టైమ్ అది, కంగారుపడి కరెంట్ తియ్యకూడదు. తర్వాత కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం రీసెట్ చెయ్యాలా అని మెసేజ్ వచ్చింది, వై నొక్కితే రీసెట్, ఎన్ నొక్కితే పాతది అలాగే ఉంచుతుంది. కీ చేతిలో ఉంది, బిట్‌లాకర్ సస్పెండ్ లో ఉంది, ధైర్యంగా వై నొక్కా. ముందు జాగ్రత్త తీసుకోనివాళ్ళకి పాఠాలు పోయేది సరిగ్గా ఈ మెసేజ్ దగ్గరే, ఏంటో అర్థం కాక ఏదో ఒకటి నొక్కేస్తారు.

విండోస్ మామూలుగానే వచ్చింది, యాక్టివేషన్ గొడవ కూడా లేదు, అది మదర్‌బోర్డ్ మారితే వచ్చే తలనొప్పి. బయోస్ అప్‌డేట్ తో సెట్టింగ్స్ అన్నీ మొదటికి వచ్చేశాయి కాబట్టి ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్ తోనే స్టార్ట్ అవ్వనిచ్చే సెట్టింగ్) మళ్ళీ ఆన్ చేశా. సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ స్పీడ్ కి స్కోర్ ఇచ్చే టెస్ట్) పెట్టి చూస్తూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో లో మెమరీ క్లాక్ చూస్తే 1066 అని ఉంది. డీడీఆర్ కాబట్టి రెట్టింపు చేస్తే 2133. స్టిక్కర్ చూస్తే ఆ ర్యామ్ 3000ది. బయోస్ అప్‌డేట్ వల్ల పోయిందేమో అనుకున్నా, కానీ దులిపిన రోజు నేను తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్ లో కూడా అదే 1066 ఉంది, అంటే ఎక్స్‌ఎంపీ (ర్యామ్ ని దాని అసలు స్పీడ్ కి నడిపించే బయోస్ సెట్టింగ్) ఎవరూ ఎప్పుడూ ఆన్ చెయ్యలేదు, ఏడేళ్ళుగా కొన్న ర్యామ్ లో దాదాపు మూడో వంతు స్పీడ్ వాడకుండానే పోయింది. రైజెన్ లో కోర్లకీ మెమరీకీ మధ్య డేటా మోసే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ మెమరీ క్లాక్ తోనే నడుస్తుంది కాబట్టి ర్యామ్ నెమ్మదిగా ఉంటే ప్రాసెసర్ కూడా కుంటుతుంది. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టి, ఒక్క ఎర్రర్ కూడా లేదని చూసుకున్నా.

సినీబెంచ్ స్కోర్ 1600తో సుమారు 6,900 ఉండేది, ఇప్పుడు 13,500 దాటింది. టెంపరేచర్ 68. అరగంట పాఠం ఎక్స్‌పోర్ట్ 19 నిమిషాలు. బిట్‌లాకర్ మళ్ళీ ఆన్ చేసి, విండోస్ 11 వేసి ఇచ్చేశా. మాస్టారు చాలా సంతోషించారు.

నాలుగో రోజు ఫోన్. "బాబూ, గంటన్నర పాఠం పెట్టాను, మొదట బాగానే పోతోంది, తర్వాత మౌస్ కూడా కదలట్లేదు, కాసేపటికి మళ్ళీ మామూలైపోతోంది." వినగానే ఎఫ్‌టీపీఎం వల్ల వచ్చే కుదుపులేమో అనుకున్నా, రైజెన్ సిస్టమ్స్ లో అలాంటి సమస్య ఒకటి ఉండేది, కానీ అది అజీసా (బయోస్ లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7తో వచ్చిన బయోస్ ల్లో సరిచేశారు, నేను వేసింది దానికన్నా కొత్తదే. వెళ్ళి ఎక్స్‌పోర్ట్ పెట్టి పక్కనే కూర్చున్నా. పాతిక నిమిషాల దాకా అన్ని కోర్లూ 4 గిగాహెర్ట్జ్ పైనే ఉన్నాయి, ప్రాసెసర్ టెంపరేచర్ 70, అంతా బాగుంది. ఉన్నట్టుండి క్లాక్ 550 మెగాహెర్ట్జ్ కి పడిపోయింది, అన్ని కోర్లూ ఒకేసారి. పది సెకన్లు అలా ఉండి మళ్ళీ లేచింది, రెండు నిమిషాలకి మళ్ళీ పడింది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లో బయటినుంచి వచ్చే ప్రోచాట్ (వేడెక్కింది, స్పీడ్ తగ్గించు అని చెప్పే) సిగ్నల్ యెస్ అని చూపిస్తోంది. అంటే ప్రాసెసర్ కి వేడి లేదు, బోర్డే దాన్ని ఆపమంటోంది. సైడ్ ప్యానెల్ తీసి ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్ తో మాస్‌ఫెట్ల మీద చూస్తే 112 డిగ్రీలు.

వాట్లు పెరగలేదు కదా, మరి ఎందుకు? ప్లగ్ దగ్గర పెట్టే మీటర్ తో ముందూ తర్వాతా చూశా, గోడ నుంచి లాగేది దాదాపు అంతే. తేడా కూలర్ లో ఉంది. పాత కూలర్ ఫ్యాన్ గాలిని కిందికి, బోర్డ్ మీదకి ఊదేది, ఆ గాలి చుట్టూ పరుచుకుని పక్కనే ఉన్న మాస్‌ఫెట్లని కూడా చల్లబరిచేది, హీట్‌సింక్ లేని ఆ బోర్డ్ ఇన్నేళ్ళు బతికింది ఆ గాలితోనే. నేను పెట్టిన టవర్ కూలర్ గాలిని బోర్డ్ కి సమాంతరంగా వెనక్కి తోస్తుంది, కింద ఉన్నవాటికి ఏమీ తగలదు. ప్రాసెసర్ ఇంకా చల్లగా ఉంది, దాని పక్కనున్నవి ఉడికిపోతున్నాయి. నా దగ్గర టెస్ట్ చేసినప్పుడు ఎందుకు తెలీలేదంటే నేను సైడ్ ప్యానెల్ తీసే పెట్టి నడిపా, సినీబెంచ్ కూడా పది నిమిషాలే నడిపా. మాస్టారి ఇంట్లో ప్యానెల్ మూసి ఉంటుంది, క్యాబినెట్ కి ముందు ఒకే ఒక్క ఫ్యాన్, పని గంటన్నర. ఆయన ఎలా వాడతారో అలా టెస్ట్ చెయ్యాల్సింది నేను, చెయ్యలేదు. ఆయనకి అలాగే చెప్పా, ఆ రోజు పనికి ఏమీ తీసుకోలేదు.

సరిచేసింది ఇలా. మాస్‌ఫెట్ల మీద చిన్న అల్యూమినియం హీట్‌సింక్ ముక్కలు థర్మల్ అడెసివ్ తో అతికించా, పక్కనున్న కాళ్ళకి లోహం తగలకుండా చూసుకుంటూ, అది తగిలితే షార్ట్ అయిపోతుంది. క్యాబినెట్ వెనక 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి వేడి గాలిని బయటికి లాగేలా వేశా. బయోస్ లో పవర్ లిమిట్ ని 76 నుంచి 65 వాట్లకి దించా. ఎక్స్‌పోర్ట్ 19 నిమిషాల నుంచి 20కి వెళ్ళింది, అంతే. ఈసారి ప్యానెల్ మూసి, మాస్టారి గంటన్నర పాఠాన్నే వరసగా రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ పెట్టి, అయిపోగానే ప్యానెల్ తీసి చూస్తే మాస్‌ఫెట్లు 86. క్లాక్ ఒక్కసారి కూడా పడలేదు.

ఇలాంటి బోర్డ్ మళ్ళీ వస్తే టవర్ కూలర్ పెట్టను, 65 వాట్ల చిప్ కి కిందికి ఊదే మంచి కూలర్ చాలు, ప్రాసెసర్ ఐదారు డిగ్రీలు ఎక్కువున్నా ఫర్వాలేదు, 5700ఎక్స్ కి 90 దాకా అవకాశం ఉంది. ఇప్పుడు ప్రతి అప్‌గ్రేడ్ కీ ముందు పాత కూలర్ గాలి ఎటు పోతోంది, కొత్తది ఎటు పోతుంది అని కాగితం మీద ఒక లైన్ రాసుకుంటున్నా, బయోస్ వర్షన్ పక్కనే.

పాత 1600 పాడవలేదు, పిన్నులన్నీ బాగున్నాయి. ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మాస్టారికిచ్చా. కొత్త బయోస్ లో దాని సపోర్ట్ కూడా ఉంది కాబట్టి ఎప్పుడైనా చిప్ మీద అనుమానమొస్తే అది పెట్టి చూసుకోవచ్చు.